ఎకరం గడ్డి – ఏడాది పాడి

పిల్లలూ! ఎండిన వరిగడ్డి పరకను ఎప్పుడైనా నోట్లో పెట్టుకుని నమిలారా? ఎంతసేపు నమిలినా అది మెత్తబడదు. రుచీ పచీ ఉండదు. పొరపాటున మింగినా మన కడుపులో అరగదు. అదే గడ్డిని పెరట్లో కట్టేసిన గేదె రాత్రంతా తింటుంది. తెల్లవారేసరికి దాని పొదుగు నిండుగా ఉంటుంది. దూడ రెండుసార్లు మూతితో పొడిస్తే గేదె చేపుతుంది. చెంబు నిండుతుంది.

మనకు ఎందుకూ పనికిరాని గడ్డి పాలుగా ఎలా మారింది? ఈ మార్పు ఒక్కరోజు కాదు, ఏడాది తరువాత ఏడాది, మీ తరం తరువాత మీ పిల్లల తరానికి కూడా ఆగకుండా జరగాలంటే మనం చెయ్యవలసిందేమిటి? ఈ రెండు సంగతులూ ఈ నెల తెలుసుకుందాం.

కోస్తా జిల్లాలలో గేదె అన్నా, తెలంగాణలో బర్రె అన్నా, రాయలసీమలో ఎనుము అన్నా జంతువు ఒకటే. మన దేశంలో దొరికే పాలలో పెద్ద భాగం ఈ నల్లని జంతువు ఇచ్చేవే.

కడుపులో వంటశాల

గేదె కడుపులో నాలుగు గదులున్నాయి. అన్నిటికంటె పెద్దది మొదటి గది. అది ఎన్నో బిందెలు పట్టే గాబులాంటిది. గేదె మేసేటప్పుడు గడ్డిని సరిగా నమలదు. గబగబా మింగి ఈ గాబులో వేసుకుంటుంది. తరువాత నీడన పడుకుని, మింగిన దానిని కొంచెం కొంచెంగా తిరిగి నోటికి తెచ్చుకుని, తీరికగా నములుతుంది. దీనినే నెమరువెయ్యటం అంటాం. రోజులో ఏడెనిమిది గంటలు గేదెకు ఇదే పని.

అయితే గడ్డిని నిజంగా అరిగించేది గేదె కాదు! ఆ మొదటి గదిలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు కోటానుకోట్లుగా కాపురం ఉంటాయి. గడ్డిలోని గట్టి పీచును విడగొట్టే విద్య వాటికే తెలుసు. అవి పీచును పులియబెట్టి కొన్ని రకాల ఆమ్లాలు తయారుచేస్తాయి. గేదెకు బలం ఎక్కువగా ఈ ఆమ్లాల నుంచే వస్తుంది. అంతే కాదు. ఈ సూక్ష్మజీవులు కొన్ని నిత్యం కిందికి జారి నాలుగో గదిలోకి పోతాయి. అక్కడ అవే గేదెకు మాంసకృత్తుల ఆహారం అవుతాయి. అంటే గేదెకు మనం గడ్డి వేస్తాం. గేదె ఆ గడ్డిని సూక్ష్మజీవులకు వేస్తుంది. అవి గేదెను పోషిస్తాయి. గేదె మనను పోషిస్తుంది.

ఈ సంగతి తెలిస్తే ఒక ముఖ్యమైన జాగ్రత్త తెలుస్తుంది. గడ్డికి అలవాటుపడిన సూక్ష్మజీవులకు మేత హటాత్తుగా మారిస్తే పడదు. పెళ్లిలో మిగిలిన అన్నం పారెయ్యటం ఎందుకని గేదె ముందు కుప్పగా పోస్తారు. గేదె ఇష్టంగానే తింటుంది. కాని ఆ అన్నం మొదటి గదిలో అతివేగంగా పులిసి, కడుపంతా పుల్లబారిపోయి, గేదె ప్రాణానికే ముప్పు వస్తుంది. ప్రేమతో పెట్టిన అన్నమే ప్రాణం తీస్తుందన్నమాట. అలాగే ప్లాస్టిక్ సంచులు. అవి ఆ గదిలో అరగవు, బయటికి పోవు. ఉండలు కట్టి అక్కడే ఉండిపోతాయి. అరటితొక్కలను సంచీతో సహా వీధిలో విసిరేసేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

గేదె మేతకు ఒక లెక్క

గేదెను మేపటానికి కూడా లెక్క ఉంది. పాలిచ్చే గేదెకు రోజుకు 15 నుంచి 20 కిలోల పచ్చిమేత, 5 లేక 6 కిలోల ఎండుగడ్డి కావాలి. ఇవిగాక దాణా. తవుడు, చెక్క, నూక, ఖనిజ లవణాలు కలిపితే దాణా అవుతుంది. గేదె ఒంటిపోషణకు ఒకటిన్నర కిలోలు, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున దాణా పెట్టాలని పశువైద్యులు చెబుతారు. ఎనిమిది లీటర్ల పాలిచ్చే గేదెకు రోజుకు ఎంత దాణా కావాలో మీరే కట్టి చూడండి. అయిదున్నర కిలోలు వచ్చిందా? సరిపోయింది.

పచ్చిమేత బాగా ఉంటే దాణా ఖర్చు తగ్గుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాలలో మన పెద్దలు వరి కోయటానికి కొద్దిరోజుల ముందు, చేలో తడి ఉండగానే జనుము, పిల్లిపెసర చల్లేవారు. వరి కోతలయ్యేసరికి కింద పచ్చిమేత మొలకెత్తి ఉండేది. వేరే దుక్కి లేదు, వేరే నీరు లేదు. పైగా ఆ మొక్కల వేళ్లు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి. పశువుకు మేత, నేలకు ఎరువు, రెండూ ఒకే చల్లకంతో వచ్చేవి. ఇప్పటికీ కొందరు రైతులు ఈ పద్ధతి మానలేదు.

జొన్న కూడా మంచి మేత. కాని లేతగా ఉన్నప్పుడు, లేదా వానలు లేక గిడసబారినప్పుడు దానిలో ఒక విషం ఉంటుంది. దానినే రైతులు నాము అంటారు. పూత రాకముందు జొన్నచేలో పశువును వదలకూడదు అని వారు చెప్పటానికి కారణం ఇదే.

గేదెకు నీరు మరీ ముఖ్యం. గేదె పాలలో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీరే. ఎండాకాలంలో పాలిచ్చే గేదె రోజుకు 60, 70 లీటర్ల నీరు తాగుతుంది. దాని చర్మం నలుపు. పైగా చెమట గ్రంథులు తక్కువ. అంచేత ఎండకు ఇట్టే వేడెక్కిపోతుంది. గేదె చెరువులోకి దిగి ముక్కు మాత్రం పైన ఉంచి మునిగి ఉండేది సోమరితనం వల్ల కాదు, ఒళ్లు చల్లబరచుకోవటానికి. చెరువు లేని ఊళ్లో నీడ, రెండుపూటలా కడగటం తప్పనిసరి. వేడికి తాళలేని గేదె మేత తగ్గిస్తుంది. ఆ వెంటనే పాలు తగ్గుతాయి.

జున్ను ముందు ఎవరికి?

జున్నంటే ఇష్టం లేని పిల్లలుంటారా? గేదె ఈనిందని తెలిస్తే చాలు, ఇరుగుపొరుగు పిల్లలంతా గిన్నెలతో వస్తారు. కాని ఆ మొదటి పాల మీద మొదటి హక్కు దూడది.

మనుషుల విషయంలో, బిడ్డ తల్లి కడుపులో ఉండగానే రోగాలతో పోరాడే శక్తి తల్లి నుంచి కొంత వస్తుంది. దూడకు అలా రాదు. అది పుట్టేటప్పుడు ఏ రక్షణా లేకుండా పుడుతుంది. ఆ రక్షణ అంతా జున్నుపాలలో ఉంటుంది. దూడ పేగులు ఆ రక్షణ పదార్థాలను మొదటి రోజు మాత్రమే, అందులోనూ మొదటి గంటలలోనే బాగా పీల్చుకుంటాయి. తరువాత ఎన్ని పాలు తాగించినా ఆ శక్తి రాదు. అందుచేత పుట్టిన గంట, రెండు గంటలలోపలే దూడకు జున్నుపాలు పట్టాలి. రోజుకు దాని బరువులో పదోవంతు పట్టాలి. ముప్పై కిలోల దూడకు మూడు లీటర్లు! దూడ తాగగా మిగిలిన జున్నుపాలతో మీ అమ్మ జున్ను వండుతుంది. కొంచెం ఆలస్యమైనా రుచి పోదు.

గేదె పెయ్యదూడ పెరిగి పడ్డ అయి మొదటిసారి ఈనటానికి మూడున్నర, నాలుగేళ్లు పడుతుంది. ఈవేళ దూడకు మనం మిగల్చని పాలు, నాలుగేళ్ల తరువాత మన చెంబులోనే లేకుండా పోతాయి.

పేడ పోయే చోటు

పెద్ద గేదె రోజుకు పది, పదిహేను కిలోల పేడ వేస్తుంది. పొలం నుంచి గడ్డిగా వచ్చిన సారంలో ఎక్కువ భాగం ఈ పేడలోనే ఉంది. అది మళ్లీ పొలానికి పోతేనే నేల అప్పు తీరుతుంది. దారిలో దానిచేత ఇంకొక పని కూడా చేయించవచ్చు. పేడను నీటితో కలిపి గాలి చొరబడని తొట్టెలో పులియనిస్తే మండే వాయువు వస్తుంది. కిలో పేడకు సుమారు 40 లీటర్ల వాయువు. మూడు నాలుగు పశువులుంటే ఒక చిన్న కుటుంబానికి వంటచెరకు బాధ తీరుతుంది. వాయువు పోగా మిగిలిన పేడనీళ్లలో ఎరువు సారం అలాగే ఉంటుంది.

ఆ మండే వాయువులో ముఖ్యమైనది మీథేన్. గేదె కడుపులో గడ్డి పులిసేటప్పుడు కూడా మీథేన్ పుడుతుంది. గేదె దానిని తేన్పులతో బయటికి వదులుతుంది. ఇది గాలిలో చేరి భూమిని వేడెక్కిస్తుంది. నూరేళ్ల లెక్కన చూస్తే, అదే బరువు బొగ్గుపులుసు వాయువు కంటె మీథేన్ ఇరవై అయిదు రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుందని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. గేదెను తేన్చవద్దని మనం చెప్పలేం. కాని అరకడుపుతో, రోగాలతో ఉన్న నాలుగు గేదెలిచ్చే పాలు, చక్కగా మేపిన రెండు గేదెలు ఇవ్వగలవు. అప్పుడు లీటరు పాలకు గాలిలో చేరే మీథేన్ తగ్గుతుంది. మంచి పోషణ రైతుకే కాదు, భూమికి కూడా మేలన్నమాట.

చూశారా! పొలం గడ్డినిస్తుంది, గడ్డి పాలవుతుంది, పాలలో కొంత దూడ అవుతుంది, పేడ పొలానికి తిరిగిపోతుంది. ఇదొక చక్రం. ఈ చక్రంలో ఏ ఒక్క ఆకు విరిగినా బండి నిలిచిపోతుంది. అలా నిలిచిపోయిన చోటు ఒకటి, తిరిగి నడిచిన చోటు ఒకటి మన దేశ చరిత్రలోనే ఉన్నాయి.

రెండు ఊళ్ల కథ

పూర్వం బొంబాయి నగరంలో పాలకోసం ఊరి నడుమనే తబేలాలలో వేలాది గేదెలను కట్టేవారు. అప్పుడే ఈనిన మేలైన గేదెలను దూరప్రాంతాల నుంచి తెచ్చేవారు. నగరంలో పొలం లేదు, మేతంతా కొనవలసిందే. పేడ వెయ్యటానికి చోటు లేదు. అది ఎరువు కాక చెత్త అయింది. పాలకు మంచి ధర కనుక దూడకు వదలటం దండగ అనుకున్నారు. దూడలు ఆకలితో చచ్చేవి. పది నెలలు పాలిచ్చి గేదె ఒట్టిపోగానే, మళ్లీ ఈనేదాకా ఊరికే మేపటం గిట్టక కటికవాడికి అమ్మేవారు. ఇలా దేశంలోని మంచి గేదెలు ఒకటి రెండు ఈతలతోనే, సంతతి మిగలకుండా అంతరించేవి. నగరానికి పాలు వచ్చాయి కాని, పాడి మూలం తరిగిపోయింది. ఈ తబేలాలను ఊరి నడుమ నుంచి తరలించటానికి 1949లో నగరం వెలుపల ఆరే పాల కాలనీని ఏర్పాటుచేశారు.

రెండో కథ గుజరాతులోని ఖేడా జిల్లాది. అక్కడి రైతుల పాలు బొంబాయికి పోయేవి. కాని మధ్యవర్తులు చెప్పిందే ధర. పాలు పూటలో విరిగిపోతాయి కనుక రైతు బేరం చెయ్యలేడు. 1946 జనవరిలో సమర్ఖా గ్రామంలో రైతులు సభ జరిపి, తమ సంఘం ద్వారానే తప్ప పాలు అమ్మకూడదని తీర్మానించుకున్నారు. పదిహేను రోజులపాటు బొంబాయికి పాలు పోలేదు. చివరికి వారి మాట నెగ్గింది. ఆ ఏడాది డిసెంబరులో ఆనంద్ పట్టణంలో సహకార సంఘం రిజిస్టరు అయింది. త్రిభువన్‌దాస్ పటేల్ దానికి పెద్ద. మొదట్లో వారు చేర్చిన పాలు రోజుకు సుమారు 250 లీటర్లు మాత్రమే. 1949లో వర్గీస్ కురియన్ అనే యువ ఇంజనీరు అక్కడికి ఉద్యోగానికి వచ్చి, అక్కడే ఉండిపోయాడు.

వారికి ఒక చిక్కు వచ్చింది. చలికాలంలో పాలు విరివిగా వస్తాయి, వేసవిలో తగ్గుతాయి. చలికాలపు పాలను పొడిచేసి దాచితే ఈ చిక్కు తీరుతుంది. కాని గేదెపాలను పొడి చెయ్యటం అసాధ్యమని విదేశీ నిపుణులు చెప్పారు. హెచ్.ఎం. దలాయా అనే శాస్త్రజ్ఞుడు అది సాధ్యమేనని చేసి చూపించాడు. 1955లో ఆనంద్‌లో పాలపొడి కర్మాగారం ప్రారంభమైంది.

ఈ కథలో నీతి ఏమిటి? గేదెను పట్నానికి తీసుకుపోవటం మాని, పాలను పట్నానికి పంపారు. గేదె ఊళ్లోనే ఉంది. గడ్డి పక్క పొలంలోదే. పేడ ఆ పొలానికే పోయింది. దూడ బతికింది. ఒట్టిపోయిన గేదెను కూడా, రేపటి పాలకు ధర ఉందన్న ధైర్యంతో రైతు మేపాడు. 1970లో ఈ పద్ధతిని దేశమంతటికీ వ్యాపింపజేసే పథకం మొదలయింది. 1998 నాటికి మన దేశం పాల ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. 2023–24లో మన దేశంలో సుమారు 23 కోట్ల 90 లక్షల టన్నుల పాలు ఉత్పత్తి అయ్యాయి. ఇందులో ఎక్కువ భాగం రెండు మూడు పశువులున్న చిన్న రైతుల పెరళ్ల నుంచి వచ్చిందే.

కాలిపోతున్న మేత

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. నేను ఒక పల్లెటూరి బడిలో పనిచేస్తున్న రోజుల్లో వేసవి సెలవుల ముందు అయిదో తరగతి పిల్లలకు “మా గేదె” అని వ్యాసం ఇచ్చాను. అందరూ పేజీ పేజీన్నర రాశారు. ఒక కుర్రవాడు ఒకే ఒక్క వాక్యం రాశాడు: “మా గేదెను నిన్న సంతకు తోలారు.” వాళ్ల గడ్డివాము మాఘమాసానికే అయిపోయిందట. గేదె చూడిది, మూడు నెలల్లో ఈనవలసినది. అయినా ఏం పెట్టి మేపుతారు? అయినకాడికి అమ్మేశారు. నేను ఆ వ్యాసానికి మార్కులు వెయ్యలేదు, కొట్టివెయ్యనూ లేదు.

ఆ వాక్యంలోని బాధ ఈనాటికీ తీరలేదు. ఒకవంక గడ్డిలేక గేదెలను అమ్ముకుంటున్నారు. ఇంకొకవంక కోతయంత్రంతో వరి కోసిన చేలల్లో గడ్డి చెల్లాచెదరై పడి ఉంటే, ఏరించటానికి కూలి గిట్టక, తరువాతి పంటకు వేళ మించిపోతుందని నిప్పు పెడుతున్నారు. ఒక లెక్క చేద్దాం. మంచి పంట పండిన ఎకరంలో దాదాపు రెండు టన్నుల గడ్డి వస్తుంది. ఒక గేదెకు రోజుకు అయిదున్నర కిలోల గడ్డి చొప్పున 365 రోజులకు ఎంత? 2,007 కిలోలు. అంటే రెండు టన్నులే! ఒక ఎకరం గడ్డి కాలిస్తే ఒక గేదె ఏడాది మేత కాలిపోయినట్లు.

దీనికి ఉపాయాలు లేకపోలేదు. చేలో పడిన గడ్డిని మోపులుగా చుట్టే యంత్రాలు ఇప్పుడు వచ్చాయి. ఊరివారు కలిసి అద్దెకు తెచ్చుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. గడ్డిని ముక్కలుగా కోసి వేస్తే తొక్కి పారేసేది తగ్గుతుంది. వానాకాలంలో పచ్చిమేత ఎక్కువగా ఉన్నప్పుడు ముక్కలు చేసి, గోతిలో గాలి లేకుండా తొక్కి, కప్పిపెడితే అది పాతరగడ్డి అవుతుంది. ఊరగాయ ఏడాదికి దాచుకున్నట్టే పశువుకు వేసవిమేత దాచుకోవచ్చు. చేనిగట్ల మీద అవిశచెట్లు వేస్తే ఎండల్లో కూడా పచ్చి ఆకు దొరుకుతుంది. ఊరి బీళ్లను ఆక్రమించకుండా కాపాడుకోవటం మరొక పని. సొంత పొలం లేనివాడి గేదెకు ఆ బీడే పొలం.

మేతతో పాటు రోగాల సంగతీ చూడాలి. గాలికుంటుకు ఏడాదికి రెండుసార్లు, గొంతువాపుకు వానలకు ముందు టీకాలు వేయించాలి. టీకా వల్ల ఏమవుతుందని కొందరు అంటారు. పూర్వం పశువులకు ముసర వ్యాధి వస్తే మందలకు మందలే తుడిచిపెట్టుకుపోయేవి. దేశదేశాల పశువైద్యులు ఊరూరా తిరిగి టీకాలు వేసి దానిని వెంటాడారు. 2011లో ఆ రోగం భూమి మీద లేకుండా పోయిందని ప్రకటించారు. మనుషులకు వచ్చే మశూచికం తరువాత ప్రపంచం నుంచి పూర్తిగా తరిమివేసిన రెండో రోగం అదే.

మీరు చెయ్యగల పని

పిల్లలూ! మీ ఇంట్లోనో, పొరుగింట్లోనో గేదె ఉంటే ఒక నోటుపుస్తకం పెట్టండి. ఒక పేజీలో “ఇచ్చింది” అని రాసి పాలు, పేడ, దూడ వివరాలు వెయ్యండి. ఎదుటి పేజీలో “పుచ్చుకున్నది” అని రాసి గడ్డి, పచ్చిమేత, దాణా, నీరు వెయ్యండి. టీకాలు వేయించిన తేదీలు, ఈనిన తేదీ మరిచిపోకండి. గేదె తీరికగా పడుకున్నప్పుడు ఒక నెమరుముద్దను ఎన్నిసార్లు నమిలిందో లెక్కపెట్టండి. రోజూ బాగా నెమరువేసే గేదె ఏ రోజైనా నెమరు మానేస్తే, వెంటనే పెద్దవారికి చెప్పండి. రోగం రాబోతున్నదని అదే మొదటి గుర్తు కావచ్చు.

ఇక పెద్దలకు ఒక మాట. పాడి ఎంత ఉన్నదో చూడటానికి చాలామంది చెంబు కేసి చూస్తారు. చెంబు ఈ పూట సంగతే చెబుతుంది. వచ్చే ఏటి సంగతి తెలియాలంటే గడ్డివాము కేసి, దూడ డొక్కల కేసి, ఒట్టిపోయిన గేదె ముందున్న మేత కేసి చూడాలి. ఆ మూడూ నిండుగా ఉన్న ఇంట్లో పాలకు కరువుండదు.